ఆఖరి ప్రశ్నకి తప్పు చెప్పాలి

ఫిబ్రవరి 3, సోమవారం

ఆయన పొద్దున్నే వాళ్ల అన్నగారింటికి వెళ్లారు. బావగారికి మోకాలి ఆపరేషన్ అయింది. లేవదీయడానికి, కూర్చోబెట్టడానికి మగమనిషి ఒకరుండాలి కదా. నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, గడ్డం గీసుకునే సామాను బ్యాగులో సర్దుకున్నారు. వారం రోజుల పని. వెళ్తూ "తలుపేసుకో" అన్నారు. వేసుకున్నాను.

నిన్నటి సభ గురించి ఏమీ అనలేదు. అనడానికేముంది గనక.

ఫిబ్రవరి 4

పక్కింటావిడ మెట్ల దగ్గర మళ్లీ పట్టుకుంది. "టీవీలో పని అంటావు, ఇన్నేళ్లుగా చూస్తున్నా, ఒక్కసారైనా కనపడవేం?" అంది. కనపడితే ఉద్యోగం ఊడుతుందండీ అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది.

నిజమే చెప్పాను. మాది భార్యాభర్తలు జంటగా ఆడే క్విజ్. అసలు జంట వచ్చి కూర్చునే ముందు, అవే కుర్చీల్లో, అవే లైట్ల కింద కూర్చుని ఉత్తుత్తి ప్రశ్నలకు జవాబులు చెప్పడం నా పని. బటన్లు పలుకుతున్నాయా, కెమెరాకి ముఖం అందుతోందా, యాంకర్‌కి నాలుక తిరుగుతోందా, అన్నీ నా మీదే చూసుకుంటారు. చూసుకున్నాక నేను లేచిపోతాను, అసలువాళ్లు వస్తారు. దీనికి పేరు డమ్మీ. నాకంటే చిన్నవాళ్లు డమ్మీ అక్కా అంటారు, పెద్దవాళ్లు ఉత్త డమ్మీ అంటారు. పక్క కుర్చీలో నా జంటగా సెక్యూరిటీ ఆయన కూర్చుంటాడు. ఆయన్ని నా స్టూడియో మొగుడని అందరూ ఏడిపిస్తారు. పాపం, ఆ సంగతి ఆయన పెళ్లానికి తెలియదు.

లోపలి సంగతులు బయట చెప్పకూడదని మా అందరి దగ్గరా సంతకాలు పెట్టించుకున్నారు. అందుకని ఇంట్లో మా ఆయనకి కూడా ఏమీ చెప్పలేదు. చెప్పే వీలూ ఉండేది కాదు లెండి. ఇంట్లో మాట్లాడేది ఎప్పుడూ ఆయనే. నేను మధ్యమధ్యలో సరిదిద్దుతూ ఉంటాను.

డైరీలో ఎవరితో "లెండి" అంటున్నానో నాకే తెలియదు.

ఫిబ్రవరి 6

క్యాంటీన్‌లో ప్రశ్నల మాస్టారు ఎదురుపడి, "ఆదివారం సభలో మీవారిని భలే పట్టేశావమ్మా" అన్నాడు. మా ప్రోగ్రాంకి ప్రశ్నలన్నీ తయారుచేసేది ఈయనే. పట్టేయడానికి ఆయనేమైనా దొంగా, తప్పు చెబితే సరిచేశాను, అంతే అన్నాను.

మామగారు పోయి ఏడాదైందని ఆయన పాత స్నేహితులు నాటకాల హాల్లో పెట్టిన సభ అది. మామగారు బతికినన్నాళ్లూ ఆ హాలు వాద్యబృందంలో ఓబో వాయించారు. నల్లగా, సన్నగా, మన సన్నాయికి దూరపు చుట్టంలా ఉంటుంది. సభలో మా ఆయన లేచి వాళ్ల నాన్న గురించి మాట్లాడుతున్నారు. ఏదో నాటకం మొదటి ప్రదర్శన రోజు సగంలో కరెంటు పోయిందట. ఆ చీకట్లో నాన్న ఒక్కడే వాయిస్తూ కూర్చున్నాడు, కరెంటు వచ్చేదాకా ఒక్క మనిషి కుర్చీలోంచి లేవలేదు అని చెబుతున్నారు. చెప్పడం ఆయనకి బాగా వచ్చు. తన కళ్లజోళ్ల షాపులో కూడా ఒక చేత్తో అద్దాలు మారుస్తూ ఏదో ఒక కథ చెబుతారు. పవర్ చూపించుకోవడానికి వచ్చినవాళ్లు కథ అయ్యేదాకా లేవరు.

నేను ముందు వరుసలో ఉన్నాను. "మొదటి ప్రదర్శన కాదండీ, వందోది. మొదటి దానికి మామగారు ఇంకా చేరనేలేదు" అన్నాను. హాలంతా నవ్వింది. ఆయన "అవునా, అయితే వందోదే" అన్నారు. కాసేపు మైకు పట్టుకుని నిలబడి, "అంతేనండీ" అని దిగిపోయారు.

తప్పు తప్పే కదా. ఆ నాటకం కరపత్రాలు నేను కళ్లారా చూశాను.

ప్రశ్నల మాస్టారికి మాత్రం ఆ సభ కలిసొచ్చింది. తనకో మంచి ప్రశ్న దొరికిందట. పెళ్లికి వెళ్లినా, పరామర్శకి వెళ్లినా ఒక ప్రశ్న ఏరుకోకుండా ఇంటికి వెళ్లని మనిషి.

ఫిబ్రవరి 7

హాలు గుమాస్తాకి ఫోన్ చేసి మళ్లీ కనుక్కున్నాను. వందో ప్రదర్శనే.

ఫిబ్రవరి 10

వారమైంది. ఫోన్ చేస్తే మోకాలు ఇంకా వాచే ఉందన్నారు. మోకాళ్లు అంత తొందరగా తగ్గవు మరి.

ఫిబ్రవరి 11

ట్రయల్. కొత్తగా చేరిన కెమెరా అమ్మాయి నోరెళ్లబెట్టుకుని చూసింది. గుర్రపు డెక్కల చప్పుడుకి సినిమాల్లో కొబ్బరి చిప్పలు కొడతారని చెప్పాను. మూకీ సినిమాలు ఆడే హాళ్లలో తెర పక్కన కూర్చుని పియానో వాయించే మనిషి ఉండేవాడని చెప్పాను. బుల్లితెర, సినిమా, నాటకం, పాట, నాలుగు పెట్టెల్లో ఏది తెరిచినా తడుముకోలేదు. తీరా ఆఖరి ప్రశ్నకి తప్పు చెప్పాను.

"అదేంటక్కా, అన్నీ తెలిసినదానివి, కొస దాకా వచ్చి బోల్తా పడ్డావ్?" అని ఆ పిల్ల తెగ బాధపడిపోయింది.

బోల్తా కాదు తల్లీ, అదే పద్ధతి అని చెప్పాను. ఆఖరి ప్రశ్నకి సరైన జవాబు వస్తే పైనుంచి రంగు కాగితాలు రాలతాయి. ఒకసారి రాలాయంటే ఊడ్చి, మళ్లీ ఎత్తి, పైన నింపేసరికి అందరికీ తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని ట్రయల్‌లో డమ్మీ ఆఖరి ప్రశ్నకి తప్పే చెప్పాలి. ఓడిపోయినప్పుడు వేసే సంగీతం, యాంకర్ చెప్పే ఓదార్పు మాట కూడా అప్పుడే సరిచూసుకుంటారు. ఇన్నేళ్లలో నేను ఆఖరి ప్రశ్నకి సరైన జవాబు చెప్పిన పాపాన పోలేదు.

అయితే ఏదో ఒక తప్పు చెప్పి ఊరుకోను. వినేవాళ్లు నమ్మేలాంటి తప్పు ఎంచుకోవాలి. కాస్త ఆలోచించినట్టు కనుబొమలు ముడిచి, ధైర్యం తెచ్చుకున్నట్టు తలెత్తి చెప్పాలి. అదీ ఒక విద్యే. ఇప్పుడైతే ఆఖరి ప్రశ్నకి సంగీతం మారి లైట్లు ఎరుపెక్కగానే నోరు దానంతటదే తిరుగుతుంది.

ఫిబ్రవరి 12

ప్రోగ్రాం ఎత్తేస్తున్నారు. డైరెక్టర్ గారు అందర్నీ నిలబెట్టి చెప్పారు. చూసేవాళ్లు తగ్గారట. కొందరు ఏడ్చారు. నేను ఏడవలేదు, నాకు వేరే ప్రోగ్రాంలో కుర్చీ చూస్తామన్నారు. డమ్మీలకి ఎప్పుడూ గిరాకీయే.

తర్వాత నన్ను పక్కకి పిలిచారు. "ఆఖరి ఎపిసోడ్‌లో అసలు కుర్చీలో నువ్వే కూర్చోవాలమ్మా. నీ సంగతి జనానికి చెప్పి మరీ ఆడిద్దాం" అన్నారు. గెలిస్తే సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో పది రోజులు, ఇద్దరికి.

"సెక్యూరిటీ ఆయన్ని అడగనా?" అన్నాను.

"ట్రయల్ మొగుడు కాదమ్మా, అసలు మొగుణ్ని తీసుకురా."

ఫిబ్రవరి 13

ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో ముందే అనుకుని చేశాను. అనుకున్నట్టు రాలేదు.

"ఏవండీ, ఒక పని పడింది."

"చెప్పు."

"ఆఖరి ఎపిసోడ్ నన్ను ఆడమంటున్నారు. జంట కావాలట."

"మీ డైరెక్టర్‌కి జంటలు దొరకలేదా?"

"నన్నే ఆడమన్నారు. నాకు జంట మీరే కదా."

అవతల కాస్త నవ్వు వినిపించింది. ఆ నవ్వు విని పది రోజులైంది. అంతలోనే ఆపేసుకున్నారు.

"నాకేం తెలుసు అవన్నీ? నేను నోరు తెరిస్తే తప్పే కదా" అన్నారు.

"మీరు నోరు తెరవక్కర్లేదు. బటన్ నొక్కితే చాలు."

ఊరటగా ఉంటుందని అన్నాను. ఫోన్ పెట్టేశాక తలుచుకుంటే అంత ఊరటగా ఏమీ లేదు. ఆలోచించి చెబుతానన్నారు.

ఆట మాత్రం అంతే. ఒకరు జవాబు చెబుతారు. రెండోవాళ్లు మాట్లాడకూడదు, సైగ చేయకూడదు. వాళ్ల ముందు రెండు బటన్లుంటాయి. ఆ జవాబే ఉంచాలంటే "ఖాయం", అది తీసేసి తనకి తోచింది పెట్టాలంటే "మార్పు". చెప్పినవాళ్లు తర్వాత నాలుక కరుచుకున్నా లాభం లేదు, పక్కవాళ్లే కాపాడాలి.

చాన్నాళ్లుగా సముద్రం చూడలేదు. అందుకే అడిగాను.

ఫిబ్రవరి 18

కూరగాయల మార్కెట్‌లో బావగారు కనిపించారు. రెండు చేతుల్లో రెండు సంచులు, చకచకా నడిచిపోతున్నారు. ఏ కాలికి ఆపరేషన్ అయిందా అని చూశాను. రెండు కాళ్లూ ఒక్కలాగే పడుతున్నాయి.

నేను వంకాయల బుట్ట వెనక్కి తప్పుకున్నాను. ఆయన చూసుంటే ఇబ్బంది పడేవారు.

డాక్టరు నడవమని చెప్పి ఉంటాడు.

ఫిబ్రవరి 20

వస్తానన్నారు. స్టూడియోకే నేరుగా వస్తారట.

బట్టల విభాగం నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, సార్ చొక్కా సైజెంత?" అంది. నాకు తెలియదు. ప్రేక్షకులు లేకుండా తీసిన హాస్య సీరియళ్లలో ముందే రికార్డు చేసి పెట్టుకున్న నవ్వులు వేస్తారని తెలుసు. ఖాళీ రంగస్థలం మీద రాత్రంతా ఒక దీపం వెలిగించి వదిలేసే అలవాటు కొన్ని దేశాల్లో ఉందని తెలుసు. చొక్కాలు ఆయనే కొనుక్కుంటారు, ఆయనే ఇస్త్రీకి ఇచ్చుకుంటారు. బీరువా తీసి చూద్దామంటే ఉన్న చొక్కాలన్నీ పాతవి, కాలర్ మీద అంకెలు అరిగిపోయాయి. మంచివి నాలుగూ అక్కడే ఉన్నాయి.

"ఒక్క నిమిషం, కనుక్కుని చెబుతా" అన్నాను. తోడికోడలికి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆవిడ ఠక్కున చెప్పేసింది. నాకు ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 25

రేపే. ఆకుపచ్చ చీర కెమెరాకి పనికిరాదు. నీలంది ఇస్త్రీ చేశాను.

ఫిబ్రవరి 26

ఓడిపోయాం.

ఫిబ్రవరి 27

నిన్న రాయబుద్ధి కాలేదు. ఇవాళ సెలవు పెట్టి కూర్చున్నాను.

ఆయన చెప్పిన టైముకంటే ముందే వచ్చారు. కొంచెం చిక్కారు. మేకప్ ఆవిడ ముక్కు మీద పౌడర్ అద్దుతుంటే తుమ్మి, "క్షమించండమ్మా" అన్నారు. ఆవిడ నవ్వింది. మామూలుగా అయితే అక్కడ ఒక కథ మొదలవ్వాలి. అవ్వలేదు. నా వైపు చూసి, "బాగున్నావా?" అని పక్కింటి మనిషిని అడిగినట్టు అడిగారు. "బాగానే ఉన్నా. బావగారి మోకాలు?" అన్నాను. "పర్లేదు" అన్నారు. ఇద్దరం అంతటితో ఆపాం.

ఆట మొదలైంది. యాంకర్ నన్ను జనానికి పరిచయం చేశాడు. ఇన్నేళ్లూ ఈ కుర్చీని వెచ్చగా ఉంచింది ఈవిడే అన్నాడు. చప్పట్లు కొట్టారు. మొదటి పెట్టె బుల్లితెర. చెప్పాను. ఆయన వెంటనే ఖాయం నొక్కారు. రెండోది సినిమా. చెప్పాను. ఖాయం. ఆప్షన్లు తెర మీద పూర్తిగా పడకముందే నొక్కేస్తున్నారు. యాంకర్ ఉండబట్టలేక, "సార్, కాస్త ఆలోచించుకోండి, మార్పు అని ఇంకో బటన్ కూడా ఉంది" అన్నాడు.

"ఆవిడ చెప్పాక ఆలోచించడానికేముందండీ" అన్నారు.

జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను. ఎందుకు అబద్ధం, నిజంగానే పొంగిపోయాను. నా మీద ఇంత నమ్మకం ఉంది కదా, ఇక ఇంటికి రావడానికి అడ్డేముంది అనుకున్నాను. సముద్రం ఒడ్డున ఆయన కథలు చెబుతుంటే నేను వింటున్నట్టు కూడా అనుకున్నాను. మూడోది నాటకం. చెప్పాను. ఖాయం.

ఇక మిగిలింది పాట పెట్టె. అందులోంచి ఆఖరి ప్రశ్న వచ్చింది. కచేరీ మొదలయ్యే ముందు వాద్యబృందమంతా ఏ వాద్యం శ్రుతికి తమ వాద్యాలు సరిచేసుకుంటుంది? వయొలిన్, ఓబో, ట్రంపెట్, డ్రమ్.

ప్రశ్నల మాస్టారు ఆ సభలో ఏరుకున్నది ఇదేనన్నమాట. మా ఇంటి ప్రశ్న. ప్రపంచంలో ఏది మర్చిపోయినా ఇది మర్చిపోను. మామగారు భోజనానికి కూర్చుంటే చాలు, "ఎంత పెద్ద వయొలిన్‌వాడైనా ముందు నా శ్రుతికి రావాల్సిందే" అనేవారు. ఇంత సులువా అని లోపల నవ్వుకున్నాను కూడా.

అప్పుడు సంగీతం మారింది. లైట్లు ఎరుపెక్కాయి. నేను కనుబొమలు ముడిచాను. కాస్త ఆలోచించాను. తలెత్తి, ధైర్యం తెచ్చుకుని, "వయొలిన్" అన్నాను.

అన్న మాట నా చెవిన పడ్డాకే నేనేమన్నానో నాకు తెలిసింది. కంట్రోల్ రూమ్ అద్దం వెనక ప్రశ్నల మాస్టారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

ఆయన నా వైపు తిరిగారు. ఆ చూపు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆయన వేలు మార్పు బటన్ మీదికి వెళ్లింది. నొక్కండి, నొక్కండి, మీ నాన్నగారండీ, నొక్కండి అని లోపల గింజుకుంటున్నాను. కాలుతో తన్నినా బాగుండేది. తన్నలేదు. సైగ చేయకూడదని రూలు. నా కొంప మునుగుతుంటే కూడా నాకు రూలే గుర్తొచ్చింది. ఆ వేలు అక్కడే కాసేపు ఉండి, వెనక్కి వచ్చి, ఖాయం నొక్కింది.

ఓడిపోయిన సంగీతం వేశారు. యాంకర్ ఓదార్పు మాట చెప్పాడు. ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. కాగితాలు రాలలేదు, ఎవరికీ ఊడ్చే పని పడలేదు.

తర్వాత క్యాంటీన్‌లో కూర్చున్నాం. ఇద్దరం టీ తాగడం లేదు, ఊరికే కప్పులు పట్టుకున్నాం.

"మార్పు దాకా వెళ్లారు కదండీ" అన్నాను.

"వెళ్లాను."

"మరెందుకు నొక్కలేదు?"

"ఓబో అనే అనుకున్నా. నాన్న చిన్నప్పటి నుంచీ అదే చెప్పేవాడు కదా. కానీ నువ్వు వయొలిన్ అన్నావు. అంత ఖాయంగా అన్నావు." కప్పు బల్ల మీద పెట్టారు. "నాన్న కూడా తప్పే చెప్పాడేమో అనుకున్నా. ఆ వందో ప్రదర్శన లాగా, ఇది కూడా నేనే సరిగ్గా వినలేదేమో అనుకున్నా. నీకు తెలిసినంత నాకేం తెలుసు?"

ఆయన నిష్టూరంగా అనలేదు. నిష్టూరమాడి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, నాకేం కొత్త కాదు. ఉన్నదున్నట్టు చెప్పారు. సొంత నాన్న నోటితో చెప్పిన మాట మీద ఈ మనిషికి నమ్మకం లేకుండా చేసింది ఎవరు? నేనే.

"మామగారు చెప్పిందే రైటు. తప్పు నాది" అన్నాను.

"నీదా?"

"నాదే." డమ్మీ పద్ధతి చెప్పాను, రంగు కాగితాల సంగతి చెప్పాను. ప్రోగ్రామే పోయాక సంతకాలు ఎవరికి కావాలి. నోరు దానంతటదే తిరిగిందండీ అన్నాను.

"అయితే ఓబోనేనా?"

"ఓబోనే."

కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. షాపులో ఎవరైనా అలా తుడిస్తే, అద్దాలు గీతలు పడతాయని కోప్పడే మనిషి. చాలాసేపు తుడిచారు. తర్వాత "బస్సు దొరుకుతుందా నీకు?" అని అడిగి, బండి తీసుకుని వాళ్ల అన్నగారింటికే వెళ్లిపోయారు.

మార్చి 1

ఫోన్ లేదు. నేనూ చేయలేదు.

మార్చి 4

పని ఉండి ఆయన షాపున్న వీధిలోకి వెళ్లాను. పనేమీ లేదు. షాపు అద్దంలోంచి చూశాను. ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఈయన అద్దాలు మారుస్తున్నారు. "ఇది బాగుందా? ఇదా?" అని పెదాలు కదిలాయి. అంతే. ఆ ముసలాయన చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు, పాత ఖాతాదారు అయ్యుంటాడు. ఈయన బిల్లు రాసిచ్చేశారు. ముసలాయన ఇంకా కాసేపు కూర్చుని, ఏమీ రాకపోయేసరికి లేచి వెళ్లిపోయాడు.

లోపలికి వెళ్లలేదు. వెళ్తే ఏమనాలి? కథ చెప్పండి అనాలా?

మార్చి 6

తోడికోడలు ఫోన్ చేసింది. "ఆదివారం సాయంత్రం మీ ఎపిసోడ్ వస్తోంది కదా, ఇక్కడికే రా చెల్లీ, అందరం కలిసి చూద్దాం" అంది. "అందరూ అంటే?" అన్నాను. "పక్కవాళ్లు, పైవాళ్లు, అందరికీ చెప్పేశా. ఓడిపోయారటగా, అయినా సరే" అంది.

"ఆయన రమ్మన్నారా?" అని అడిగాను.

"రావొద్దనలేదు."

మార్చి 9, ఆదివారం

వెళ్లాను. గది నిండా జనం. బావగారు సోఫా మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు, మోకాలు భేషుగ్గా ఉంది. నన్ను చూసి గబుక్కున కాలు దించారు. మా ఆయన గోడవార కుర్చీలో ఉన్నారు. బ్యాగు ఆ మూల తలుపు పక్కన కనిపించింది, సర్ది ఉందో లేదో తెలియలేదు.

టీవీలో నేను కనపడగానే అందరూ ఈలలు వేశారు. ఆయన ఖాయం ఖాయం అని నొక్కుతుంటే చప్పట్లు కొట్టారు. "ఆవిడ చెప్పాక ఆలోచించడానికేముందండీ" అన్న దగ్గర తోడికోడలు బావగారిని మోచేత్తో పొడిచింది. ఆఖరి ప్రశ్న వచ్చింది. నేను ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. వయొలిన్ అన్నాను. ఆయన ఖాయం నొక్కారు. సరైన జవాబు తెర మీద పడింది.

బావగారే ముందు మాట్లాడారు.

"ఒరేయ్, ఓబో రా! నాన్న వాయిద్యం రా! ఆ అమ్మాయంటే కంగారులో ఏదో అంది. నువ్వెలా నొక్కావురా? నాన్న కొడుకువేనా అసలు?"

ఆయన ముఖం పాలిపోయింది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. నాకు నోటిదాకా వచ్చింది, తప్పంతా నాదే బావగారూ అని. కానీ అంతలో ఆయన కుర్చీలో కాస్త ముందుకు జరిగారు. ఆ జరగడం నాకు తెలుసు. ఏదైనా చెప్పబోయే ముందు అలాగే జరుగుతారు.

"తెలియదని ఎవరన్నారన్నయ్యా? ఆవిడ వయొలిన్ అనగానే నాకు తెలిసిపోయింది, తప్పని. ఐదు కెమెరాలు నా ముఖం మీదికి వచ్చేశాయి. యాంకర్‌కి చెమటలు పట్టేశాయి. నా వేలు మార్పు మీదే ఉంది, చూశావు కదా టీవీలో."

కెమెరాలు మూడే. యాంకర్‌కి చెమట పట్టలేదు, ఆ స్టూడియోలో ఏసీకి అందరం వణుకుతాం.

"మరి?" అన్నారు బావగారు.

"మరేముంది. పెళ్లయిన ఇన్నేళ్లకి మా ఆవిడ ఒక్కసారి తప్పు చెప్పింది. నలుగురిలో దిద్దడమెందుకులే అని…"

అక్కడ ఆగిపోయారు. నా వైపు చూశారు. ఎప్పుడు ఏ కథ చెబుతున్నా మధ్యలో ఇలాగే ఆగి నా వైపు చూస్తారని, ఆ ఆగడం నేనే నేర్పించానని నాకు అప్పుడే తట్టింది. బావగారు కూడా నా వైపు తిరిగి, "నిజమేనా అమ్మాయ్? వీడికి తెలుసా?" అన్నారు.

"తెలుసు బావగారూ. ఆయనకి మొదట్నుంచీ తెలుసు" అన్నాను.

ఆయన ఇంకా నన్నే చూస్తున్నారు, ఏదో ఒకటి దిద్దుతానని.

"ఊఁ" అన్నాను. "తర్వాత?"

ఆయన తర్వాతది చెప్పారు. నేను నీలం చీర కట్టుకోవడం, ప్రశ్నల మాస్టారు అద్దం వెనక నెత్తిన చేతులు పెట్టుకోవడం, డైరెక్టర్ పరుగెత్తుకుంటూ రావడం. డైరెక్టర్ రానేలేదు. పైవాళ్ల ముసలావిడ పగలబడి నవ్వింది. తోడికోడలు రెండోసారి టీ పెట్టింది.

లేచేటప్పుడు బ్యాగు ఆయనే తీసుకున్నారు. బావగారు మెట్లు దిగి వచ్చి సాగనంపారు. కుంటడం గుర్తొచ్చి చివరి రెండు మెట్లు కుంటుతూ దిగారు కూడా.

దారంతా బండి నడుపుతూ ఆయన మళ్లీ మొదట్నుంచీ చెప్పుకొచ్చారు. ఈసారి కెమెరాలు ఎనిమిదయ్యాయి. నేను వెనక కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, గాలికి వినపడదేమోనని గట్టిగా ఊఁ కొడుతూ వచ్చాను.